వాయిదా చార

మా ప్రయోగశాలకు వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే ముందు తల తడుముకుంటారు. కర్నూల్లో మా మీద పుట్టిన పుకారు అటువంటిది. ఒక్క వెంట్రుక చేతికిస్తే చాలు, మనసులో ఉన్నదంతా బయటపెట్టేస్తామట. అంత సీను మాకు లేదు. మనసులో ఏముందో మాకు తెలియదు, ఒంట్లో ఏం మిగిలిందో మాత్రం చెప్పగలం.

వెంట్రుక నెలకింత చొప్పున పెరుగుతుంది కదా. ఏ నెలలో ఒళ్లు ఏ కంగారుతో కాగిందో ఆ నెల పెరిగిన ముక్కలో దాని జాడ ఉండిపోతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆ కంగారు ఏ రకానిదో విడదీసి చూపించే యంత్రం మాత్రం నేను కట్టాను. వెంట్రుకలను కుదురు నుంచి కొస దాకా సన్నటి పళ్ల మధ్య పరిచి కాంతి పంపుతుంది. చదవడం పూర్తయ్యేసరికి ఆ వెంట్రుకలు మందునీళ్లలో కరిగిపోతాయి. దానికి నేను కాగితాల మీద పెట్టిన గంభీరమైన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. పళ్లున్నాయి కాబట్టి అందరూ దువ్వెన అనేశారు. నేనూ ఇప్పుడు అలాగే అంటున్నాను.

దువ్వెన తెర మీద జ్వరం పసుపు చారగా పడుతుంది, దుఃఖం నీలంగా పడుతుంది. మూడోది ఇటుక రంగు చార. అది దేనిదో చాలాకాలం నాకు అంతుపట్టలేదు. జబ్బూ చావూ లేని ఇళ్లలోనూ కనిపించేది. దాన్ని పట్టుకున్నది నా సహాయకురాలు సాబిరా. రసాయన శాస్త్రం చదివిన పిల్ల, పాతబస్తీలో దూదేకుల వాళ్లమ్మాయి, నడుం దాటిన జడ, నడుం దాటిన ఓపిక.

"మేడం, ఈమె ఆటో ఫైనాన్సు మొన్ననే తీరిపోయిందంట. సూడండి, చార కూడా ఆడికే ఆగిపోయింది" అంది ఒకరోజు.

పాత నమూనాలన్నీ మళ్లీ తిరగేశాం. నిజమే. రేపు ఒకరికి కట్టాలి, చేతిలో లేదు అన్న భయానిది ఆ చార. పులిని చూస్తే పుట్టే భయం పులి పోగానే పోతుంది. ఇది నిద్రలోనూ ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. సాబిరా దానికి వాయిదా చార అని పేరు పెట్టింది.

రెక్కల జ్వరం వచ్చిపోయాక ఆ చార మీద ప్రభుత్వం కన్ను పడింది. భుజాలు పట్టేసే జ్వరం కాబట్టి జనం దాన్ని రెక్కల జ్వరం అన్నారు. రెండు కాలాల పాటు ఊరంతా తలుపులు మూసుకుని కూర్చుంది. ఆ గడ్డు రోజుల్లో పాతబస్తీలో ఎదురెదురుగా ఉన్న రెండు బ్యాంకుల్లో ఏది బాగా నడిచింది? ఇదీ ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చాల్సిన ప్రశ్న. ఒకటి హంద్రీ బ్యాంకు, మామూలు వడ్డీ బ్యాంకు. రెండోది షరీక్ బ్యాంకు. వడ్డీ పుచ్చుకోకుండా ఇస్లామిక్ పద్ధతిలో నడిచే బ్యాంకును మన దగ్గర పెట్టి చూద్దామని ప్రయోగంగా అనుమతించినది. కమిటీ సరే అంటే అది నిలుస్తుంది, లేకపోతే మూతపడుతుంది. లాభాలూ మొండి బాకీలూ లెక్కకట్టేవాళ్లు వేరే ఉన్నారు. ఖాతాదార్ల ఒంటి మీద పడిన భారం చూడమని మాకు అప్పగించారు.

ఇక్కడో చిక్కుంది. ఆ షరీక్ బ్యాంకు మేనేజరు దస్తగిరి సాబిరా భర్త. ఈ సంగతి నేను ముందే కమిటీకి రాసి పంపాను. నమూనాల మీద పేర్లుండవు కాబట్టి పరవాలేదన్నారు. పరదాలో ఉండే ఆడవాళ్ల ఇళ్లకు పోయి వెంట్రుకలు అడిగి తేగలిగింది సాబిరా ఒక్కతే కూడాను.

నాకు బ్యాంకుల సంగతి తెలియదు. వడ్డీ లేకుండా బ్యాంకు ఎలా బతుకుతుందని దస్తగిరినే అడిగాను. అతను నన్ను మద్దిలేటి బొరుగుల బట్టీ దగ్గరికి తీసుకుపోయాడు. మద్దిలేటి ఇసుకలో బియ్యం వేయిస్తున్నాడు. బొరుగులు చిటపటమంటూ బాణలి అంచు దాటి ఎగురుతున్నాయి.

"ఈ బట్టీలో మా బ్యాంకు కూడా ఒక పాలుదారక్కా, షరీక్ అంటే అదే. బొరుగులు అమ్ముడుపోతే లాభంలో మాకూ వాటా. జ్వరమొచ్చి బట్టీ ఆరిపోయింది. లాభం లేదు, మాకూ లేదు. వాయిదా కట్టమని మేం అడిగేదానికి లేదు" అన్నాడు దస్తగిరి.

"మరి ఎదురు బ్యాంకు?"

"వాళ్లూ అడగల్యా. ఆర్నెల్లు ఆగుతామన్యారు. వడ్డీ మాత్రం ఆగల్యా."

మద్దిలేటి దోసెడు వేడి బొరుగులు నా కొంగులో పోసి, "తినమ్మా, ఇవి బ్యాంకు వాటాలోటివి" అని నవ్వాడు. దస్తగిరి కూడా నవ్వాడు. అప్పట్లో అతను ఇంకా నవ్వుతుండేవాడు.

పని మొదలైంది. జ్వరానికి ముందు, జ్వరంలో, తరవాత అని మూడు కాలాలూ ఒకే వెంట్రుకలో దొరకాలి. అందుకని జానకంటే పొట్టి జుట్టు తీసుకోవద్దని నియమం పెట్టాను. మగవాళ్లు అక్కడే తప్పుకున్నారు. రెండు బ్యాంకుల్లోనూ అప్పు తీసుకున్న ఇళ్ల ఆడవాళ్ల వెంట్రుకలు పోగుచేశాం. వానాకాలమంతా దువ్వెన ఆడుతూనే ఉంది.

ఫలితం చూసి నేనే నమ్మలేకపోయాను. హంద్రీ బ్యాంకు ఇళ్లలో వాయిదా చార పలచగా ఉంది. షరీక్ బ్యాంకు ఇళ్లలో దానికంటే చిక్కగా ఉంది. వాయిదాలే లేని బ్యాంకు మనుషులకు వాయిదా భయం ఎక్కువట!

కమిటీ అధ్యక్షుడు ఉమాపతి గారు పద్ధతైన మనిషి. ఫోనులో విని, "నేను అనుకున్నదే. మంచితనంతో బ్యాంకులు నడవవు డాక్టరు గారూ. మీ నివేదిక పంపేయండి, మూసేద్దాం" అన్నారు. మూస్తే ఏమవుతుందని అడిగాను. పాలుదారుగా ఉన్న ప్రతి చోటా బ్యాంకు తన వాటా అమ్ముకుని బయటికి వచ్చేస్తుందన్నారు. మద్దిలేటి బట్టీ, మగ్గాలు, కుట్టు కేంద్రాలు, అన్నీ. ఫోను పెట్టేసరికి సాబిరా నా వెనకే నిలబడి ఉంది. పోయి దువ్వెన పళ్లు తుడవడం మొదలుపెట్టింది. ఆ పళ్లు పొద్దున్నే తుడిచింది.

ఆ ఆదివారం మా చిన్నమ్మ సుంకులమ్మ కోడలికి శ్రీమంతం. నాకు మనసు బాగాలేదు, అయినా పోకపోతే చిన్నమ్మ ఏడాదంతా దెప్పుతుంది. గాజులు తొడగడం అయ్యాక మల్లెమూరలు పంచే పని నాకు అప్పజెప్పారు. వరసగా కూర్చున్న ముత్తైదువల జడల్లో తురుముతూ పోతున్నాను. మూడో ఆవిడ దగ్గర నా చెయ్యి ఆగింది. తురమడానికి జడ లేదు. మెడ దాకా కుచ్చు జుట్టు. పక్కావిడకూ అంతే. చిన్నమ్మ పైటచెంగు తలమీదుగా కప్పుకుని ఉంది. తొలగించి చూస్తే ఆమెకూ అంతే.

"ఇదేంది చిన్నమ్మా, తల ఎప్పుడిచ్చినావు?"

"నీకు చెప్పల్యా? మంత్రాలయం పోయేదారిలో మొక్కు తీర్చుకుంటిమి గదమ్మీ. జ్వరం తగ్గినంకనే. మా వీధిలో ఏడుమందిమి కలిసి పోయినాం."

"జ్వరానికా మొక్కు?"

చిన్నమ్మ కోడలి వైపు చూసి గొంతు తగ్గించింది. "జ్వరం ఎంతసేపమ్మీ, పదినాళ్లలో పాయె. బ్యాంకోళ్ల కోసరం మొక్కుకుంటిమి. ఆగిన వాయిదాలన్నీ వడ్డీతో కలిపి నెత్తిమీద పడె. ఇంటిమీదికి రాకుండా ఈ గండం దాటిస్తే తల ఇస్తామని మొక్కితిమి. నగలమ్మి కడితిమిలే."

"ఏ బ్యాంకు?"

"ఇంకేది, హంద్రీ."

నా చేతిలో మల్లెలు అలాగే ఉన్నాయి. బాధ ఎక్కువైనవాళ్లు మొక్కుకున్నారు. మొక్కుకున్నవాళ్లు తల ఇచ్చారు. తల ఇచ్చినవాళ్లను పొట్టిజుట్టు అని నేనే పక్కన పెట్టాను. షరీక్ బ్యాంకు ఇళ్లలో ముస్లింలు ఎక్కువ, వాళ్లలో తల ఇచ్చే మొక్కు లేదు. వాళ్ల జుట్టంతా నా దువ్వెన కింద భద్రంగా ఉంది. హంద్రీ బ్యాంకు తరఫున నేను కొలిచింది బాధ తప్పించుకున్నవాళ్లను. తలనీలాల దేశంలో పుట్టి, చిన్నప్పుడు రెండుసార్లు గుండు కొట్టించుకుని, ఇంత చదువు చదివి ఈ ముక్క నాకు తట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సోమవారం సాబిరాకు చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడి కాసేపు నవ్వింది, కాసేపు కళ్లు తుడుచుకుంది. "ఇచ్చేసిన జుట్టు యాడ తెస్తాం మేడం? అది ఎప్పుడో వేలంలో పోయుంటాది" అంది.

దానికీ చిన్నమ్మ ఇంట్లోనే దారి దొరికింది. మా ఆడవాళ్లు దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టు పారెయ్యరు. చుట్టచుట్టి ఓ కవరులో దాస్తారు. స్టీలు సామాన్లాయన సైకిలు మీద వచ్చినప్పుడు ఇచ్చి గిన్నో గరిటో తీసుకుంటారు. జ్వరం రోజుల్లో ఆ సైకిలు తిరగలేదు. తరవాత కూడా ఆయన ఇటువైపు రాలేదు. ప్రతి ఇంట్లో దూలానికో మేకుకో ఉబ్బిన కవరు ఒకటి వేలాడుతూనే ఉంది. అందులో మొక్కుకు ముందు రాలిన పొడుగు వెంట్రుకలు ఉన్నాయి.

మా ప్రయోగశాల ఖర్చుల్లో స్టీలు డబ్బాలు ఎందుకున్నాయని ఆడిట్ వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. నేనూ సాబిరా ఆటోలో డబ్బాలు వేసుకుని వీధి వీధి తిరిగాం. "మూత బిగుతుగా లేదు" అని ఒకావిడ నాతో బేరం కూడా ఆడింది. కవర్లు తెచ్చాం. ఒక్కో పోగును జాగ్రత్తగా విడదీసి, మొక్కు తీర్చుకున్న ప్రతి ఇంటి వెంట్రుకలనూ దువ్వెనకు పెట్టాం.

తెర ఇటుక రంగుతో నిండిపోయింది. కొన్ని వెంట్రుకల్లో పసుపు, నీలం కనపడనంతగా ఆ రంగే. చిన్నమ్మది ఏదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. నా కళ్ల ముందు పప్పులు పొడులు పంచిపెడుతూ తిరిగిన మనిషి ఆ నెలల్లో ఇంత మోసిందా అని మాత్రం అనుకున్నాను. లెక్క తిరగబడింది. షరీక్ బ్యాంకు ఇళ్లలో భారం ఇప్పుడు హంద్రీ ఇళ్లతో పోలిస్తే సగం కూడా లేదు.

"ఇంక నీ మొగుడు నిద్రపోవచ్చు" అన్నాను సాబిరాతో.

సాబిరా తెర వైపే చూస్తోంది. "అక్కా" అంది. ప్రయోగశాలలో ఆమె నన్ను అక్కా అనడం అదే మొదలు. "మనం అప్పు తీసుకున్నోళ్లనే సూసినాం. దాచుకున్నోళ్లను సూడల్యా."

"దాచుకున్నవాళ్లకేం భయం?"

"హంద్రీలో ఉండదు. వాళ్లకు రావాల్సిన వడ్డీ వాళ్లకొచ్చింది. మా బ్యాంకులో దాచుకున్నోళ్లూ పాలుదార్లే గదా. బట్టీ ఆరిపోతే వాళ్ల వాటా కూడా తగ్గె. ఆయన బ్యాంకులో ఉన్నంతసేపూ వాళ్లు మా ఇంటి అరుగు మీద కూచునేవాళ్లు. ముసలోళ్లు, ఒంటరోళ్లు. ఆయన్నేమీ అనరు. 'మా సొమ్ము ఉంటాదా అమ్మా' అని నన్ను అడుగుతారు. ఉంటాది, టీ తాగండి అనేదాన్ని."

"కమిటీ వాళ్ల గురించి అడగలేదు సాబిరా. అడగనిది చెప్పడమెందుకు? గమ్మునుండు."

నేను ఈ మాట మంచికే అన్నాను. బట్టీ నిలబడాలి, ఆ పిల్ల ఇల్లు నిలబడాలి అనే అన్నాను. సాబిరా మెల్లగా నా వైపు తిరిగింది. "జడల్లేనోళ్లను వదిలేసినామని నువ్వు రెండు రోజులు అన్నం తినల్యా. వీళ్లను వదిలేస్తే నేను ఎట్ల తినేదక్కా?"

నేను కొత్త కవర్లు తీసి ఆమె చేతికిచ్చాను.

రెండు బ్యాంకుల్లోనూ దాచుకున్నవాళ్ల వెంట్రుకలు సాబిరానే తెచ్చింది. నెరిసి, పలచబడ్డ జుట్టు. షరీక్ వాళ్లవి పెడితే తెర మీద ఏదో లేత రంగు కనిపిస్తోంది కానీ అది చారో, మసకో చెప్పలేకపోయాం. అంత పలచని చారను నమ్మాలంటే ఒకే తలనుంచి గుప్పెడు వెంట్రుకలు పెట్టి, వాటితో సరిచూసుకోవాలి. అదీ వాయిదా అంటూ లేని మనిషిదై ఉండాలి. గుప్పెడు జుట్టు కోసి ఇమ్మని ఏ ఆడదాన్ని అడుగుతాం?

మర్నాడు సాబిరా తలకు దుపట్టా బిగించి కట్టుకుని వచ్చింది. సంచిలోంచి జడ తీసి బల్ల మీద పెట్టింది. మొదట్లో రబ్బరు బ్యాండు, చివర నల్ల రిబ్బను అలాగే ఉన్నాయి.

"నాకు ఏ బ్యాంకులోనూ అప్పు లేదు, దాచిందీ లేదు. ఏ చారా లేని జుట్టు ఇదే. పెట్టండి మేడం" అంది. మళ్లీ మేడం.

తిట్టాను. తిట్టినా అతకదు కదా. పోగులు విడదీసి దువ్వెన పళ్ల మధ్య పరిచాను. జుట్టు అంత ఒత్తుగా ఉంటుందని ముట్టుకునే దాకా నాకు తెలియదు.

ఆ సాయంత్రం దస్తగిరి భార్యను తీసుకుపోవడానికి వచ్చాడు. తెర మీద ఒక్కటే గీత ఉంది. జ్వరం మొదలైన నెల దగ్గర ఇటుక రంగు అందుకుని నిన్నటిదాకా సాగింది. మేము చూసిన అన్ని తలల్లోకీ అదే ముదురు.

"అబ్బా, ఎవరిదక్కా ఇది? పాపం, ఏ బ్యాంకు?" అన్నాడు.

సాబిరా సంచి సర్దుకుంటూ అటు తిరిగింది. దుపట్టా వీపు మీద జారి, జడ ఉండాల్సిన చోట బల్లపరుపుగా కనిపించింది. దస్తగిరి తెరను చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. "నాకు చెప్పల్యా నువ్వు" అన్నాడు. "నువ్వు మాత్రం చెప్పినావా" అంది సాబిరా. ఇద్దరూ బయటికి పోయారు. స్కూటరు స్టార్టయిన చప్పుడు చాలాసేపటిగ్గానీ వినిపించలేదు.

ఆ జడలో జ్వరానికి ముందు పెరిగిన, ఏ చారా లేని భాగంతో సరిచూశాక లేత చారలు నమ్మకంగా బయటపడ్డాయి. షరీక్‌లో దాచుకున్న ప్రతి ముసలి తలలోనూ వాయిదా చార ఉంది. ఎవరికీ ఏమీ కట్టక్కర్లేని మనుషుల తలల్లో. హంద్రీ మేనేజరు ఇంటి నుంచి కూడా వెంట్రుకలు తెప్పించి, రెండు బ్యాంకుల లెక్కనూ విడివిడిగా వేశాను. అప్పు తీసుకున్నవాళ్లు, దాచుకున్నవాళ్లు, నడిపేవాళ్ల ఇంటివాళ్లు, అందరినీ కలిపి. తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. రెండు మొత్తాలూ ఒక్కటే వచ్చాయి. మహమ్మారి ఊరి మీద వేసిన బరువు ఏ బ్యాంకులోనూ రవ్వంత తగ్గలేదు. హంద్రీలో అది కొన్ని తలల మీదే కూర్చుంది. షరీక్‌లో పలచగా అందరి మీదికీ పాకి, ఒక్క అరుగు దగ్గర మాత్రం చిక్కబడింది.

కమిటీ కలెక్టరేటు హాల్లో కూర్చుంది. నా లెక్క చూసి ఉమాపతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండూ సమానమేనన్నమాట. అలాంటప్పుడు కొత్తది ఎందుకు? పైగా దాచుకున్నవాళ్లను భయపెట్టే బ్యాంకు" అన్నారు. మూసెయ్యడానికి నా నివేదికే చాలేలా ఉంది. దస్తగిరి తల వంచుకున్నాడు. సాబిరా వంచుకోలేదు.

దాచుకున్నవాళ్ల తరఫున ఖాసింబీ అనే పెద్దావిడను పిలిచారు. హజ్ యాత్ర కోసం కూడబెట్టుకున్న మనిషి. వాటా తగ్గడంతో ఆ ఏడు ప్రయాణం ఆగిపోయింది. ఆమె ఒప్పుకుని మళ్లీ ఇచ్చిన వెంట్రుకల గీతను తెర మీద చూపించి, ఇది ఏమిటో నేను ఆమెకు చెప్పాను.

ఉమాపతి గారు మర్యాదగానే అడిగారు. "అమ్మా, ఇంత భారం మీ మీద పడుతుందని ముందే తెలిసుంటే ఈ బ్యాంకులో దాచుకునేవారా?"

ఖాసింబీ ఆయనకు జవాబు చెప్పలేదు. తెర దగ్గరికి వచ్చి గీతను వేలితో తాకింది. "ఇది ఎవరిది నాయనా?"

"మీదేనమ్మా."

"తల నాదేలే. బరువు ఎవరిదంటాండా."

దస్తగిరి లేచాడు. "అందరిదీ కొంచెం కొంచెం ఉంటాది పెద్దమ్మా. మద్దిలేటి బొరుగుల బట్టీది కూడా ఉంటాది."

"మద్దిలేటా? మా సందు చివర బట్టీ మద్దిలేటేనా?" ఖాసింబీ గొంతు ఒక్కసారి పెరిగింది. "వాని బరువా ఇది? వాని పెండ్లాము పొయ్యి ఆరిపోయి గడప మీద కూచుంటే రోజూ సూస్తా పోతాంటి గదప్పా! నాకెవరూ చెప్పకపోతిరే. చెప్పింటే ఆయమ్మ దగ్గర ఒక గడియ కూచుని వచ్చిందును. ఇద్దరం కలిసి భయపడిందుము. ఎందుకో తెలీకుండా ఒక్కదాన్నే ఇంట్లో కూచుని భయపడితి."

ఉమాపతి గారు కళ్లజోడు పెట్టుకోవడం మరిచిపోయారు.

షరీక్ బ్యాంకును మూయలేదు. ప్రయోగం ఇంకొంతకాలం సాగాలన్నారు, ఒక షరతుతో. ఎవరి సొమ్ము ఏ పనిలో ఉందో ఆ మనిషికి చెప్పి తీరాలి, పనిచేసేవాళ్లను ఒకసారి చూపించాలి. హంద్రీ బ్యాంకు గురించి కమిటీ ఒక్క ముక్కా రాయలేదు. దాన్ని ఏం చెయ్యాలో ప్రభుత్వం అడగలేదు కదా అన్నారు. చిన్నమ్మకు ఆ సంగతి ఎలా చెప్పాలో నాకింకా తెలియడం లేదు.

ఇప్పుడు సాయంత్రాలు దస్తగిరి ఇంటి అరుగు మీద అతనే కూర్చుంటాడు. వచ్చినవాళ్లకు టీ కూడా అతనే ఇస్తాడట, చక్కెర ఎక్కువవుతోందని సాబిరా ఫిర్యాదు. మొన్న నేను పోయేసరికి ఖాసింబీ, మద్దిలేటి భార్య ఒకే చాపమీద కూర్చుని బొరుగులు నములుతున్నారు. సాబిరా జుట్టు మెడ దాకా వచ్చింది. కొత్తగా పెరిగిన ఆ జుట్టులో ఏముందో ఒక్క వెంట్రుక ఇస్తే చెప్పేస్తాను. అది నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు. పక్కన కూర్చుని, ఎలా ఉన్నావు సాబిరా అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.